కాదనే పాఠం

సోఫా పక్కన సూట్‌కేసు నిన్న సాయంత్రం పెట్టినచోటే ఉంది. ఇంద్రజ దాన్ని గదిలోంచి ఈడ్చుకొచ్చి అక్కడ నిలబెట్టి, మళ్లీ లోపలికి వెళ్లి తలుపేసుకుంది. అప్పటి నుంచి దాన్ని లోపల పెట్టమన్నవాళ్లు లేరు, గుమ్మం దాకా జరిపినవాళ్లూ లేరు. పొద్దున ఊడ్చేటప్పుడు నాగమల్లేశ్వరి దాని చుట్టూ చీపురు తిప్పుకుని వచ్చేసింది.

“ఉప్మా చల్లారిపోతోంది,” అన్నాడు బసవపున్నయ్య, పేపర్లోంచి తల ఎత్తకుండా.

ఎవరితో అన్నాడో ఆయనకే తెలియాలి. భార్యతో అయితే ఆ సంగతి ఆమెకి తెలుసు. ఉప్మా ప్లేటు పట్టుకుని కూతురి గది ముందు నిలబడింది ఆమే. కూతురితో అయితే తలుపు వేసి ఉంది. కొందరు పెద్దమనుషులుంటారు, ఇంటికి నిప్పంటుకున్నా గాలిని ఉద్దేశించే మాట్లాడతారు. కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరు బసవపున్నయ్య ఆ కోవలోని మనిషి. పైగా శనివారం, ఆఫీసు వంకతో తప్పించుకునే దారి కూడా లేదు పాపం.

నాగమల్లేశ్వరి తలుపు మీద మెల్లిగా తట్టింది.

“ఇంద్రా, బ్రేక్‌ఫాస్ట్ ఈజ్ రెడీ.”

“నాట్ హంగ్రీ, ఆంటీ.”

ఆంటీ. ఢిల్లీ ఆర్.కె. పురంలోని ఈ సర్కారీ క్వార్టరుకి బసవపున్నయ్య రెండో భార్యగా వచ్చి మూడేళ్లయింది. కింది ఇంటావిడా ఆంటీయే, మదర్ డెయిరీ పాల క్యూలో ముందు నిలబడే ఆవిడా ఆంటీయే, తనూ ఆంటీయే. ఆ పిల్ల ఆ మాటని ఏనాడూ అమర్యాదగా అనలేదు. అదే వచ్చిన చిక్కు. అమర్యాదగా అంటే కసురుకోవచ్చు, కసురుకున్నాక దగ్గరికి తీసుకోవచ్చు.

తలుపు వెనక దగ్గు వినిపించింది. ఆ తర్వాత ఇన్‌హేలర్ నొక్కిన చప్పుడు. మళ్లీ వస్తుందేమోనని నాగమల్లేశ్వరి చెవి ఒగ్గి నిలబడింది. రాలేదు. ప్లేటు తెచ్చి టేబుల్ మీద పెట్టి మూత వేసింది.

“మీరొక్కమాట చెప్పండి,” అంది భర్తతో. “వాసవి గారికి ఫోన్ చేసి, ఈసారికి వద్దులే అనండి.”

బసవపున్నయ్య పేపరు మడిచాడు.

“నేనా? నిన్న ఒప్పుకున్నది నువ్వు కదా.”

“నేను ఒప్పుకుంటే మీరు ఊరుకోవడమేనా?”

“తల్లి స్థానంలో ఉన్నదానివి. నువ్వే సంతోషంగా పంపిస్తానన్నాక మధ్యలో నేను అడ్డుపుల్ల వెయ్యనా? అదీ ఇంగ్లీషులో చెప్పావాయె. కింద కారెక్కేటప్పుడు వాసవి కూడా అంది, మల్లేశ్వరి గారు బాగా ఇంప్రూవ్ అయ్యారు బావా, అని.”

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటారు. ఇక్కడ చేతులు కాల్చుకున్నది కూడా నాగమల్లేశ్వరే.

నిన్న జరిగింది ఇంతే. వాసవి ఇంద్రజ కన్నతల్లికి చెల్లెలు. గురుగ్రామ్‌లో పెద్ద కంపెనీలో ఉద్యోగం, ఎత్తైన టవర్లో ఫ్లాటు. ఇంద్రజకి ఎనిమిదేళ్లప్పుడు ఆ తల్లి పోయింది. అప్పటి నుంచి ఆ పిల్ల మీద ఓ కన్నేసి ఉంచింది వాసవి. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. దీపావళి వెళ్లగానే ఢిల్లీ మీద ఎప్పటిలాగే పొగ దిగింది. బళ్లు మూసి పాఠాలు ఫోన్లలోకి ఎక్కించారు. తొమ్మిదో తరగతి చదువుతున్న ఇంద్రజకి పిల్లికూతలు మొదలయ్యాయి. వీలైతే కొన్నాళ్లు గాలి మార్పు ఉండాలన్నాడు డాక్టరు. ఆ మాట చెవిన పడగానే వాసవి ఆఫీసు నుంచి తిన్నగా వచ్చేసింది. తన ఫ్లాట్లో గదికో ఎయిర్ ప్యూరిఫయర్ ఉందంది. కొన్నాళ్లేమిటి, పరీక్షలయ్యేదాకా తన దగ్గరే ఉంచుకుంటానంది. ఆపైన స్కూలు కూడా అటే చూద్దామంది. గురుగ్రామ్ గాలేమైనా హిమాలయాల నుంచి గొట్టంలో వస్తోందా అని అడగాల్సిన మనిషి బసవపున్నయ్య. ఆయన టీ తాగుతున్నాడు.

వాసవి ఇదంతా ఇంగ్లీషులో చెప్పి, చివర నాగమల్లేశ్వరి వైపు తిరిగి, పంపిస్తారా అని అడిగింది. అదీ ఇంగ్లీషులోనే. ఈ మూడేళ్లలో ఏ విషయమూ తనని అడగని మనిషి ఇప్పుడు అడిగింది. గదిలో అందరూ తన వైపే చూస్తున్నారు, ఇంద్రజ కూడా. అప్పుడు నాగమల్లేశ్వరి నోటివెంట, ఎక్కడా తడబడకుండా, రెండు వాక్యాలు దొర్లాయి.

“షూర్, విత్ ప్లెజర్. షీ కెన్ స్టే యాజ్ లాంగ్ యాజ్ షీ లైక్స్.”

తప్పకుండా, చాలా సంతోషం, ఎన్నాళ్లు ఉండాలనిపిస్తే అన్నాళ్లూ ఉండొచ్చు. అంత చక్కగా వచ్చినందుకు ఆమె ముందు పొంగిపోయింది. తను ఏమందో ఆ తర్వాత తట్టింది. అప్పటికే ఇంద్రజ లేచి గదిలోకి వెళ్లిపోయింది.

ఆ వాక్యాలు పాఠంలోవి. చర్చి హాలు వెనక గదిలో ఆనందకుమారి టీచర్ నడిపే ఇంగ్లీషు క్లాసులో మాటలన్నీ మూడు విషయాల మీదే తిరుగుతాయి: వాతావరణం, పర్యావరణం, ప్రయాణాలు. ఎవరు ఎదురైనా ముందు వాతావరణం ఎత్తుకోవాలి. మంచు పట్టింది, ఎండ బాగుంది, వాన వచ్చేలా ఉంది. పర్యావరణం సరిగ్గా పొగ రోజులకి అందింది, కాబట్టి దగ్గుతూనే నేర్చుకున్నారు. ఇప్పుడు ప్రయాణాలు నడుస్తున్నాయి. ఇద్దరిద్దరిని ఎదురెదురుగా కూర్చోబెడతారు. ఒకరు మా ఊరు రమ్మని పిలవాలి, రెండోవారు ఒప్పుకోవాలి. పక్క బ్లాకు పంజాబీ ఆవిడ పిలవని ఊరు లేదు, నాగమల్లేశ్వరి ఒప్పుకోని ఊరు లేదు. మర్యాదగా కాదనడం ఎలాగో వచ్చే వారం చెబుతానంది టీచర్.

ఆ టీచర్‌కి ఒక నియమం ఉంది. నేర్చుకున్నది ఇంట్లో పిల్లలతో వాడి తీరాలి. పిల్లలతో తెలుగూ వద్దు, హిందీ వద్దు. మిగతా ఆడవాళ్లు గేటు దాటగానే ఆ నియమాన్ని గాలికి వదిలేసేవాళ్లు. నాగమల్లేశ్వరి మాత్రం ఉపవాసంలా పట్టింది. ఆమె క్లాసులో చేరిందే ఇంద్రజ కోసం.

అంతకుముందు ఆ పిల్లతో తెలుగులోనే మాట్లాడేది. తలకి నూనె రాస్తూ రేపల్లె కబుర్లు చెప్పేది. తన నాన్న లంక పొలానికి పడవలో వెళ్లడం, ఒకసారి పడవ ఇసుకలో దిగబడితే గేదె చేత లాగించడం, అది కాస్తా పడవతో సహా అవతలి గట్టుకి పోవడం. ఇంద్రజ వినేదో లేదో, ‘అచ్ఛా’ అనో ‘ఓకే’ అనో ఊరుకునేది. దీనికి నా భాష రుచించడం లేదు, దాని భాషలోకి నేనే వెళ్లాలి అనుకుంది నాగమల్లేశ్వరి. అప్పటి నుంచి పొద్దున్నే పాల గ్లాసుతో గదిలోకి వెళ్లి, ఇట్ ఈజ్ వెరీ ఫాగీ టుడే అనేది. యెస్ ఆంటీ, అనేది ఇంద్రజ. సాయంత్రం, ద ఎయిర్ ఈజ్ నాట్ గుడ్ టుడే అనేది. యెస్ ఆంటీ. ఇవాళ కాకపోతే రేపు మాటలు పెరుగుతాయని చూసింది. పెరగలేదు.

శనివారం క్లాసు ఉండదు. అయినా పదింటికల్లా మాస్కు పెట్టుకుని చర్చికి బయల్దేరింది.

బస్టాపులో ఎవరి మొహమూ కనిపించడం లేదు, అందరికీ మాస్కులే. రోడ్డు అవతలి చెట్లు సగం మాసిపోయాయి. పక్కన నిలబడిన ఇద్దరాడవాళ్లు హిందీలో ధారాళంగా ఏదో చెప్పుకుంటున్నారు, మధ్యలో నవ్వుకుంటున్నారు. తనతో అలా వాగే మనిషి ఈ ఊళ్లో ఒక్కరూ లేరని నాగమల్లేశ్వరికి తెలిసిందే. ఇవాళ ఎందుకో కొత్తగా తెలిసినట్టు అనిపించింది.

ఆనందకుమారి హాల్లో ఆదివారం ఆరాధన కోసం కుర్చీలు వరసగా వేస్తోంది. బాపట్ల వైపు మనిషి, ఢిల్లీలో నర్సుగా చేసి రిటైరైంది. వార్డులో రోగుల్ని ఎలా అదిలించేదో క్లాసులో ఆడవాళ్లనీ అలాగే అదిలిస్తుంది.

“వందనాలమ్మా. ఇవాళ క్లాసు లేదుగా,” అంది.

“నాకు కాదనడం నేర్పండి టీచర్. వచ్చే వారం దాకా ఆగడానికి లేదు.”

సంగతంతా విన్నాక ఆనందకుమారి ఒక కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇంగ్లీషులో కాదనడానికి ఒక పద్ధతుందంది. ముందు థాంక్స్ చెప్పాలి. తర్వాత కారణం చెప్పాలి. చివర సారీ చెప్పాలి. అలా చెబితే ఎంత పెద్దవాళ్లయినా నొచ్చుకోరంది.

“మరి కారణమేం చెబుతావు?”

నాగమల్లేశ్వరి మాస్కు కిందికి లాక్కుంది.

“అది వెళ్లిపోతే ఆ ఇంట్లో నాకెవరున్నారు టీచర్? ఆయన మంచాయనే. పొద్దున పేపరు, సాయంత్రం టీవీ. కూర బాగుందంటారు, బాగోకపోతే ఏమీ అనరు. అది మాట్లాడదు, నిజమే. కానీ ఆ తలుపు వెనక మనిషుంది, ఎప్పటికైనా మాట్లాడుతుంది అనుకుంటా నేను రోజు వెళ్లదీస్తున్నాను. రేపట్నుంచి ఖాళీ గది ముందు నిలబడి ఏమనుకోను?”

ఆనందకుమారి కళ్లజోడు తీసి తుడుచుకుంది. ఆమెకి జాలి కలగలేదని కాదు. కానీ జాలి కంటే ముందు పని చూసే అలవాటు ఆమెది.

“ఆ మాట మాత్రం అక్కడ అనబాకమ్మా,” అంది. “నీ సుఖం కోసం రోగిష్టి పిల్లని పట్టుకు కూర్చున్నావంటారు. చదువు సంగతి చెప్పు. డాక్టరు సంగతి చెప్పు. వాళ్లు కాదనలేనివి అయ్యే. నీ కారణం నీ దగ్గరే ఉంచుకో.”

కుర్చీల మధ్య కూర్చోబెట్టి ఆ వాక్యాలు నోటికి వచ్చేదాకా అనిపించింది. లేచేటప్పుడు నెత్తిన చెయ్యి పెట్టి, ప్రార్థనలో జ్ఞాపకం చేసుకుంటానంది. తిరుగు దారంతా నాగమల్లేశ్వరి మాస్కు లోపల పెదాలు కదుపుతూనే ఉంది.

వాసవి మధ్యాహ్నం భోజనాలయ్యాక వచ్చింది. సోఫాలో కూర్చుని సూట్‌కేసు వంక చూసి, సర్దుకోవడం అయిపోయిందన్నమాట అంది. తలుపు వెనక నుంచి ఇంద్రజ, టూ మినిట్స్ మాసీ, అంది, పిన్నిని హిందీలో పిలుస్తూ. నాగమల్లేశ్వరి మంచినీళ్లిచ్చి ఎదురుగా నిలబడింది.

“థాంక్యూ ఫర్ ఇన్వైటింగ్ హర్,” అని మొదలుపెట్టింది.

తర్వాత కారణాలు చెప్పింది. ఇంద్రజ చదువు పాడవుతుందంది. క్లాసులన్నీ ఆన్‌లైనే కదా అంది వాసవి. చూస్తున్న డాక్టరు ఇక్కడే ఉన్నాడంది. తమ టవర్ పక్కనే మంచి ఆసుపత్రి ఉందంది వాసవి. కొత్త చోట పిల్ల బెంగ పెట్టుకుంటుందేమోనంది. అది అక్క కూతురు, తన ఇల్లు దానికి కొత్త కాదంది వాసవి. ఒక్కో జవాబూ మెత్తగా, నవ్వుమొహంతోనే వచ్చింది. నేర్చుకొచ్చిన కారణాలన్నీ అయిపోయాయి. మిగిలింది సారీ ఒక్కటే.

“అయామ్ సారీ,” అంది నాగమల్లేశ్వరి.

“సారీ దేనికండీ?” వాసవి తెలుగులోకి దిగింది. “నిన్న మీరే కదా సరేనన్నారు. ఇవాళ ఏమైంది?”

బసవపున్నయ్య గొంతు సవరించుకున్నాడు. ఏదో అంటాడేమోనని ఇద్దరాడవాళ్లూ చూశారు. ఆయన టీవీ రిమోటు తీసి టీపాయ్ మీద తిన్నగా పెట్టాడు.

అప్పుడు గది తలుపు తెరుచుకుంది. ఇంద్రజ భుజాన బ్యాగుతో వచ్చి, ఎవరి వైపూ చూడకుండా, సూట్‌కేసు పక్కన నేల మీద కూర్చుని బూట్ల తాళ్లు కట్టుకోవడం మొదలుపెట్టింది. రాత్రంతా నిద్ర లేని మొహం. వంగినప్పుడు ఊపిరి గురగురమంటోంది. అది చూడగానే నాగమల్లేశ్వరికి టీచర్ చెప్పిన పద్ధతి మొత్తం ఎగిరిపోయింది.

“నేను పంపను,” అంది తెలుగులో.

“పంపననడమేమిటి?” వాసవి మొహంలో నవ్వు పోయింది. “దానికి ఇక్కడ ఊపిరాడ్డం లేదు. కనిపిస్తూనే ఉంది. ఎవరి కోసం ఆపుతున్నారు మల్లేశ్వరి గారూ? దాని కోసమా, మీ కోసమా?”

“నా కోసమే.”

టీచర్ అనొద్దన్న మాట అదే. నోరు జారాక ఇక దాచుకోవడానికేముంది. నాగమల్లేశ్వరి పైట కొంగు చేతికి చుట్టుకుంటూ మిగతాది కూడా అనేసింది.

“దాని మంచి కోసమని మీరంటున్నారు, వాళ్ల నాన్నా అంటున్నారు, డాక్టరూ అన్నాడు. దాని మంచి చూసేవాళ్లు ఇంతమంది ఉన్నారు. నాకు అది కావాలి. అది లేని ఇంట్లో నాకు ఉండబుద్ధి కాదు.”

నాగమల్లేశ్వరికి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. పరాయి పిల్లని అడుక్కున్నట్టు అనిపించింది. అడుక్కున్నదీ నిజమే.

ఇంద్రజ వేళ్లు తాళ్ల మీద ఆగిపోయాయి.

“మరి యెస్టర్‌డే విత్ ప్లెజర్ ఎందుకన్నావ్?”

“కాదనడం ఇంకా నేర్పలేదమ్మా. అది వచ్చే వారం పాఠం.”

వాసవికి నవ్వు రాబోయింది, బిగబట్టుకుంది. ఇంద్రజ నవ్వలేదు.

“తెలుగులో చెప్పొచ్చు కదా,” అంది.

ఆ పిల్ల నోట తెలుగు వాక్యం మొదలు నుంచి చివరి దాకా వినడం నాగమల్లేశ్వరికి ఈ మూడేళ్లలో ఇదే. వింటున్నది తనేనా అన్నట్టు చూసింది.

“నీకు తెలుగు నచ్చదనుకున్నాను.”

“సబ్ సమఝ్ మే ఆతా హై, ఆంటీ. అంతా అర్థమవుతుంది.” ఇంద్రజ బూటు వైపే చూస్తూ మాట్లాడింది. “నేను మాట్లాడితే రాంగ్ వస్తుంది. అందరూ నవ్వుతారు. అందుకే మాట్లాడను. బట్ నువ్వు పడవ కథ చెప్పేదానివి. గేదె కథ. అమ్మ కూడా అలాగే చెప్పేది. వాయిస్ వేరే, కానీ... అలాగే. ఐ లైక్డ్ ఇట్. తర్వాత నువ్వు స్టాప్ చేశావ్. ఓన్లీ వెదర్. మాసీ టవర్లో లిఫ్ట్‌లో నైబర్స్ మాట్లాడతారు కదా, అలా. నేను అనుకున్నా, ఆంటీకి ఇప్పుడు నేను గెస్ట్.”

పెద్దవాళ్లని ‘మీరు’ అనాలని కూడా తెలియని తెలుగు అది. దానికోసం నాగమల్లేశ్వరి ఎన్ని పొద్దుల్లో ఎన్ని పాల గ్లాసులు మోసిందో ఎవరికీ తెలియదు. దగ్గరవుదామని వేసిన అడుగల్లా దూరం జరిపిందన్నమాట. నూనె రాస్తూ వాగిన వాగుడే ఆ పిల్ల దాచుకుందన్నమాట. ఆనందమో దుఃఖమో తేల్చుకునే వ్యవధి కూడా దొరకలేదు, ఇంద్రజకి దగ్గు తెర వచ్చింది.

మామూలు దగ్గు కాదు. పిల్ల మొహం ఎర్రబడింది, భుజాలు పైకి లేచాయి. నాగమల్లేశ్వరి నేల మీద కూలబడి వీపు నిమిరింది. బ్యాగులో ఇన్‌హేలర్ వెతికి నోటికి అందించింది. వాసవి కిటికీలు మూసింది. బసవపున్నయ్య లేచి నిలబడ్డాడు, ఏం చెయ్యాలో తెలియక నిలబడే ఉన్నాడు. చేతి కింద ఆ పిల్ల వీపు ఎముకలు ఒక్కొక్కటీ తెలుస్తుంటే నాగమల్లేశ్వరికి తన మాట మీద తనకే ఏవగింపు పుట్టింది. నా కోసమే అంది. ఈ ఊపిరిని ఈ పొగలో పెట్టుకుని నా కోసమే అంది.

దగ్గు తగ్గాక చెమట తుడిచింది.

“వెళ్లు తల్లీ,” అంది. “పొగ తగ్గేదాకా వెళ్లు. నేనేమీ అనుకోను.”

ఇంద్రజ ఆమె చెయ్యి వదల్లేదు.

“నువ్వు కూడా రా,” అంది.

ఆ మాట పిల్ల ఎంత తేలిగ్గా అందో హాల్లో అంత బరువుగా పడింది. నాగమల్లేశ్వరి ఎవరినీ అడగలేదు. లేచి తన గదిలోకి వెళ్లి బీరువా తెరిచింది. ఈ ఊరొచ్చాక ఒంటరిగా ఎక్కడా రాత్రి ఉన్న మనిషి కాదు, ఎన్ని చీరలు పెట్టుకోవాలో కూడా తోచలేదు. చేతికందిన రెండు తీసింది.

హాల్లో మాటలు మొదలయ్యాయి. వాసవి గొంతు తగ్గించి, గబగబా ఇంగ్లీషులో మాట్లాడుతోంది. ఇది కుదరదు బావా అంటోంది. మా హాల్లో అక్క ఫోటో ఉంది. ఆ ఫోటో ముందు, అక్క చోట్లోకి వచ్చిన మనిషిని తెచ్చి ఎలా కూర్చోబెట్టను? రేపు మా అమ్మ వచ్చి చూస్తే ఏం చెప్పను? ఇన్నాళ్లూ మర్యాదగానే ఉన్నాను, అంతకు మించి నా వల్ల కాదు. ఆ గొంతులో కోపం లేదు, ఏడుపుంది.

నాకు తెలుసు, అన్నాడు బసవపున్నయ్య. ఆయన కూడా ఇంగ్లీషులోనే. నేను సర్దిచెబుతాను, నువ్వు పిల్లని తీసుకుని బయల్దేరు. ఆమెకి ఇదంతా అర్థం కాదులే. నాలుగు వాక్యాలు బట్టీ పట్టింది, అంతే.

చీర మడత చేతిలో పట్టుకుని నాగమల్లేశ్వరి అలాగే నిలబడింది. ఇద్దరు మనుషులు ఇంగ్లీషులో గబగబా మాట్లాడుకుంటుంటే ఒక్క ముక్క కూడా జారిపోకుండా అర్థం కావడం ఆమెకి ఇదే మొదటిసారి. అలాంటి రోజు వస్తే ఇంటికి స్వీట్లు తేవాలనుకుంది ఒకప్పుడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. వాసవి మీద కోపం రాలేదు, అక్కని పోగొట్టుకున్న చెల్లెలి బాధ అది. భర్త అన్న ఆఖరి మాట మాత్రం ఎక్కడో లోతుగా దిగింది. మూడేళ్లు ఒకే కప్పు కింద ఉన్న మనిషి, తనకి ఏది అర్థమవుతుందో ఏది కాదో ఏనాడూ చూసుకోలేదు.

చీరలు గుడ్డ సంచిలో పెట్టుకుంది. తువ్వాలు పెట్టుకుంది. కళ్లు తుడుచుకుని హాల్లోకి వచ్చింది. ఆమె మొహం చూడగానే ఇంద్రజకి తెలిసిపోయింది. మిగతా ఇద్దరికీ ఇంకా తెలియలేదు.

“మీరన్నదంతా నాకు అర్థమైంది వాసవి గారూ,” అంది నాగమల్లేశ్వరి.

వాసవి మొహం తెల్లబోయింది.

“మీ అక్కగారి ఫోటో ముందు నేను కూర్చోను. పిల్ల గదిలోనే ఉంటాను. అదీ వద్దనిపిస్తే మీ గేటు దగ్గర దింపెయ్యండి, మెట్రో ఎక్కి వచ్చేస్తాను. అందాకా దాని పక్కన కూర్చుని వస్తాను. అది పిలిచింది. ఈ మూడేళ్లలో నన్ను ఒక చోటికి రమ్మని పిలిచిన మనిషి అదొక్కతే.”

భర్తతో ఏమీ అనలేదు. ఆయన వైపు చూడను కూడా లేదు. అదే ఆయనకి ఎక్కువ తగిలిందేమో, బసవపున్నయ్య గబగబా నడిచి వీధి తలుపుకి అడ్డంగా నిలబడి గడియ మీద చెయ్యి వేశాడు.

“మల్లేశ్వరీ,” అన్నాడు. “సంచి లోపల పెట్టు. వాళ్లని వెళ్లనీ. మనం తర్వాత మాట్లాడుకుందాం.”

నాగమల్లేశ్వరి సంచి కింద పెట్టలేదు. ఇంద్రజ లేచి వచ్చి సంచి రెండో చెవి పట్టుకుంది. ఊపిరి ఇంకా గురగురమంటూనే ఉంది.

“నాన్నా, తలుపు తియ్యి,” అంది తెలుగులో.

ఆయన చెయ్యి గడియ మీదే ఉంది.